సుడి నడుమ అనంతం: ఆదర్శ ప్రవాహాలలో అసాధారణత - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

స్నిగ్ధత లేని, సంపీడనానికి లొంగని ఆదర్శ ద్రవం నునుపైన స్థితిలో కదలిక మొదలుపెట్టి, పరిమిత కాలంలోనే ఏదో ఒక చోట అనంతమైన భ్రమణతను పొందగలదా అన్నది గణితశాస్త్రంలో రెండున్నర శతాబ్దాలకు పైగా వయసున్న సమీకరణాల చుట్టూ నడుస్తున్న ప్రశ్న. సుడి తిరిగే ప్రవాహాలు ఈ ప్రశ్నకు కీలకమైనవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నీటి అనుభవం నుండి, తెలుగు మాధ్యమ విద్యార్థికి ఇప్పటికే పరిచయమైన పరిభాష నుండి బయలుదేరి ఈ ప్రశ్నను, దానిపై 2014 తర్వాత వచ్చిన ఫలితాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సుడి, భ్రమణత, అసాధారణత, ఆయిలర్ సమీకరణాలు, ఆదర్శ ద్రవం, గణిత పరిభాష.

1. ఉపోద్ఘాతం

ధర్మపురి వద్ద గోదావరి దక్షిణవాహిని. వానకాలంలో వరద వచ్చినప్పుడు రేవు దగ్గర నిలబడినవారికి నీటి మీద సుళ్లు పుట్టడం, కొంత దూరం సాగి కరిగిపోవడం కనిపిస్తుంది. శ్రీరాంసాగర్ నుండి కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా సాగే కాకతీయ కాలువలో షట్టర్ల వెనుక, సిరిసిల్లను ఒరుసుకొని పారే మానేరులో బండరాళ్ల దిగువన, ఊరి చెరువు తూము తెరిచినప్పుడు దాని ముందర, మత్తడి దుంకినప్పుడు దాని కింద సుళ్లే కనిపిస్తాయి. నీటిని నమ్ముకొని బతికే సమాజానికి సుడి కొత్త సంగతి కాదు. అందుకే తెలుగులో సుడి, సుడిగుండం, సుడిగాలి, ఆవర్తం వంటి పదాలు ఎప్పటి నుండో స్థిరపడి ఉన్నాయి.

సుడిగుండం అన్న మాటలో ఒక భయం ఉంది. నడుమకు పోయేకొద్దీ వేగం పెరుగుతుందని, అక్కడికి చేరినది తిరిగి రాదని లోకానుభవం. ఆ భయాన్నే గణితం మరో రూపంలో అడుగుతుంది: నడుమకు పోయేకొద్దీ పెరిగే ఆ తిరుగుడుకు ఒక హద్దు ఉంటుందా, లేక ఒకానొక క్షణంలో అది లెక్కకు అందకుండా పోతుందా?

ఈ ప్రశ్న నదిలోని నీటి గురించి కాదు, నీటి కదలికను చెప్పే సమీకరణాల గురించి. ఆనకట్ట రూపకల్పన నుండి వాతావరణ సూచన దాకా ఇంజనీర్లూ శాస్త్రవేత్తలూ ఆధారపడేది ఈ కుటుంబపు సమీకరణాల మీదనే. అవి తమంతట తాము ఒక చోట కుప్పకూలగలవా అన్నది తెలియకుండా వాటి మీద పెట్టుకున్న నమ్మకానికి పునాది పూర్తికాదు.

2. ‘అసాధారణత’ అన్న మాట

ఆంగ్లంలో సింగ్యులారిటీ అని పిలిచే భావనకు ఈ వ్యాసంలో ‘అసాధారణత’ అన్న పదం వాడబడింది. దీనికి కారణం ఉంది. ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమ గణితంలో నిర్ధారకం విలువ సున్నా అయిన మాత్రికను ‘అసాధారణ మాత్రిక’ అంటారు. దానికి విలోమం ఉండదు. ఎందుకంటే విలోమాన్ని కనుగొనాలంటే నిర్ధారకంతో భాగించాలి. సున్నాతో భాగించడం కుదరదు. అంటే అసాధారణత అన్నది సున్నాతో భాగించవలసి వచ్చిన చోట ఎదురయ్యే అవస్థ.

సున్నాతో భాగహారం భారతీయ గణితానికి పాత సమస్య. తొమ్మిదవ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో, సున్నాతో భాగించిన సంఖ్య మారకుండా ఉంటుందన్నాడు. పన్నెండవ శతాబ్దిలో భాస్కరాచార్యుడు అలాంటి రాశికి ‘ఖహరం’ అని పేరు పెట్టి, దానిని అనంతంగా భావించాడు. మహావీరుని గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. కాబట్టి గణిత భావనను తెలుగులో చెప్పుకోవడం కొత్త ప్రయత్నం కాదు. ఆగిపోయిన ఒక దారిని కొనసాగించడం మాత్రమే.

ప్రవాహంలో భాగహారం ఎక్కడ వస్తుంది? పక్కపక్కనే ఉన్న రెండు నీటి పొరలు వేర్వేరు వేగాలతో కదులుతున్నప్పుడు, ఆ వేగాల వ్యత్యాసాన్ని వాటి మధ్య దూరంతో భాగిస్తే వేగం ఎంత తీవ్రంగా మారుతున్నదో తెలుస్తుంది. నీటి రేణువు తన చుట్టూ తాను ఎంత త్వరగా తిరుగుతున్నదో చెప్పే ‘భ్రమణత’ కూడా ఇలాంటి భాగహారాలతోనే ఏర్పడుతుంది. వేగాలు మామూలుగానే ఉండి, వ్యత్యాసం మిగిలి ఉండగానే దూరం సున్నాకు చేరితే భ్రమణత అనంతమవుతుంది. కనుక అసాధారణత ఏర్పడాలంటే వేగమే అనంతం కానక్కరలేదు. మొత్తం శక్తి పరిమితంగానే ఉండవచ్చు. అతి చిన్న చోట ఒరిపిడి తీవ్రమైతే చాలు.

3. ఆదర్శ ద్రవం, ఆయిలర్ సమీకరణాలు

స్విట్జర్లాండ్‌లో పుట్టిన లియోనార్డ్ ఆయిలర్ 1757లో ప్రకటించిన సమీకరణాలు రెండు మాటలు చెబుతాయి. మొదటిది: ప్రతి ద్రవ రేణువూ పీడనం ఎక్కువ ఉన్న వైపు నుండి తక్కువ ఉన్న వైపుకు త్వరణం పొందుతుంది. రెండవది: ద్రవాన్ని నొక్కి చిన్నది చేయలేము, ఒక చోటికి ఎంత చేరిందో అంతా అక్కడి నుండి బయటికి పోవలసిందే. ఇందులో ఒక పొర మరో పొరను పట్టి ఆపే స్నిగ్ధత లేదు. అందుకే ఇది ఆదర్శ ద్రవం. పందొమ్మిదవ శతాబ్దిలో నేవియర్, స్టోక్స్ స్నిగ్ధతను చేర్చి రూపొందించినవి నేవియర్-స్టోక్స్ సమీకరణాలు.

నునుపుగా మొదలైన ఆదర్శ ప్రవాహం కొంత కాలం నునుపుగానే కొనసాగుతుందని నిరూపణ ఉంది. ఎప్పటికీ అలాగే ఉంటుందా అన్నదే చిక్కు. బీల్, కాటో, మజ్దా 1984లో దీనికి ఒక గీటురాయిని ఇచ్చారు. ప్రవాహంలోని గరిష్ఠ భ్రమణతను కాలంతో పాటు కూడుకుంటూ పోతే ఆ మొత్తం పరిమితంగా ఉన్నంతవరకు ప్రవాహం చెడదు. చెడాలంటే ఆ మొత్తం అనంతం కావలసిందే. అంటే అన్ని రాశుల మీదా కన్నేసి ఉంచనక్కరలేదు. భ్రమణత ఒక్కదాన్ని గమనిస్తే చాలు.

4. పెరగడం వేరు, పేలడం వేరు

ఒక రాశి ఎంతో త్వరగా పెరిగినంత మాత్రాన అది పరిమిత కాలంలో అనంతం కాదు. ఈ తేడాను ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక రాశి 1తో మొదలై, గంటకు తన విలువకు సమానమైన రేటుతో పెరుగుతున్నదనుకుందాం. గంట గడిచేసరికి అది సుమారు 2.72 అవుతుంది. పది గంటలకు 22,000 దాటుతుంది. అయినా ఎంత కాలం ఆగినా అది ఒక సంఖ్యగానే ఉంటుంది.

ఇప్పుడు పెరుగుదల రేటు ఆ విలువ వర్గానికి సమానమనుకుందాం. అరగంటకు రాశి 2 అవుతుంది. ముప్పావు గంటకు 4, యాభై నాలుగు నిమిషాలకు 10, యాభై తొమ్మిది నిమిషాలకు 60. సరిగ్గా గంట నిండేసరికి దానికి విలువ అంటూ లేదు. తనను తాను పెంచుకునే శక్తి కూడా తనతో పాటు పెరగడమే ఇందుకు కారణం. మొదటిది పెరగడం, రెండవది పేలడం.

ప్రవాహం ఈ రెండింటిలో దేని దారి పడుతుంది? సిరిసిల్ల నేత పట్టణం కాబట్టి పోలిక అక్కడి నుండే తీసుకోవచ్చు. దూది పోగును లాగుతూ వడికితే అది సన్నబడుతుంది, పురి బిగుస్తుంది. ప్రవాహంలోని సుడి పోగుకు కూడా ఇంచుమించు ఇదే జరుగుతుంది. చుట్టూ ఉన్న ప్రవాహం దానిని నాలుగింతల పొడవుకు సాగదీస్తే, ఘనపరిమాణం మారదు గనుక దాని అడ్డుకోత వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. భ్రమణత నాలుగు రెట్లవుతుంది. అయితే ఒక తేడా ఉంది. నూలును లాగేది వడికేవారి చేయి. ఇక్కడ సుడిని సాగదీసేది కూడా సుళ్లు పుట్టించిన ప్రవాహమే. సాగదీత భ్రమణతతో పాటు పెరిగితే, పైన చెప్పిన వర్గపు లెక్క వర్తిస్తుంది. కాని నీటిలో ఒక చోటి సాగదీతను ప్రవాహంలోని అన్ని చోట్ల ఉన్న భ్రమణత కలిసి నిర్ణయిస్తుంది. వాటిలో కొన్ని దోహదం చేస్తే, కొన్ని ఎదురు నిలుస్తాయి. ఈ లెక్క ఎటు తేలుతుందో తెలియకపోవడమే సమస్యలోని కష్టం.

5. సుడి ఎందుకు అవసరం

పలుచని పొరలో, ఒకే తలంలో సాగే ద్రవానికి సాగదీత లేదు. ప్రతి రేణువూ తన భ్రమణతను మార్చుకోకుండా మోసుకుపోతుంది. అందువల్ల ద్విపరిమాణ ప్రవాహంలో అసాధారణత రాదని 1933 నాటికే నిరూపించబడింది.

మూడు పరిమాణాలలో సరళమైన రకం ఒక ఇరుసు చుట్టూ అన్ని దిక్కులా ఒకే విధంగా ఉండే ‘అక్షసౌష్ఠవ’ ప్రవాహం. ఇందులో నీరు ఇరుసు వైపుకు, బయటికి, పైకి, కిందికి మాత్రమే కదులుతూ, చుట్టూ తిరగకుండా ఉంటే నునుపైన ప్రవాహం ఎప్పటికీ చెడదని 1968లో ఉఖోవ్‌స్కీ, యుదోవిచ్ చూపారు. ఇరుసు చుట్టూ తిరుగుడును చేర్చగానే ఆ నిరూపణ పనిచేయదు. కాబట్టి సుడి తిరిగే అక్షసౌష్ఠవ ప్రవాహం ఈ ప్రశ్న బతికి ఉన్న అతి సరళమైన చోటు.

తిరుగుడు ఉన్నప్పుడు ప్రతి రేణువూ తన కోణీయ ద్రవ్యవేగాన్ని నిలుపుకుంటుంది. వెదురు గొట్టం గుండా వేసిన తాడుకు రాయి కట్టి తిప్పుతూ, తాడును కిందికి లాగితే ఈ నియమం కనిపిస్తుంది. దూరం సగమైతే రాయి వేగం రెట్టింపు. ఒక నిమిషంలో వేసే చుట్లు నాలుగు రెట్లు. తూము ముందరి సుడిలో నీరు నడుమకు వచ్చేకొద్దీ త్వరపడడానికి కారణం ఇదే.

దీన్నిబట్టి ఇరుసు దగ్గర దూరం సున్నా గనుక వేగం అనంతమని తేల్చడం తొందరపాటవుతుంది. నునుపైన ప్రవాహంలో ఇరుసు మీది రేణువుకు మొదటి నుండీ కోణీయ ద్రవ్యవేగం ఉండదు. ఇరుసు దగ్గరి రేణువులకు ఉండేది అతి స్వల్పం. దూరం నుండి ఎక్కువ కోణీయ ద్రవ్యవేగంతో వచ్చే రేణువు ఇరుసును చేరితేనే ప్రమాదం. లోపలికి లాగే బలం ఒకే తీరుగా ఉంటే ప్రతి నిమిషానికీ దూరం సగమవుతూ పోతుంది తప్ప సున్నా కాదు. ఇది పెరగడమే, పేలడం కాదు. లాగే బలం కూడా తనంతట తాను ముదురుతూ పోయే ఏర్పాటు ఒకటి కావాలి.

6. టీ గ్లాసులో ఉన్న ఏర్పాటు

ఆ ఏర్పాటు టీ గ్లాసులో కనిపిస్తుంది. చెంచాతో టీని తిప్పి వదిలితే అడుగున ఉన్న ఆకుపొడి అంచులకు పోక నడుమకు చేరుతుంది. 1926లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ నదుల వంకరల గురించి రాసిన చిన్న వ్యాసంలో దీనిని వివరించాడు. తిరిగే ద్రవంలో అపకేంద్ర ప్రభావం వల్ల గోడ దగ్గర పీడనం ఎక్కువ. పైభాగంలో తిరుగుడు వేగంగా ఉండి అడుగున మందగించడం వల్ల, గోడ వెంట పైన పీడనం ఎక్కువగా, కింద తక్కువగా ఉంటుంది. దాంతో ద్రవం గోడ వెంట కిందికి దిగి, అడుగున నడుమకు సాగుతుంది. ఆకుపొడిని అదే మోసుకుపోతుంది. నది వంపులో ఒక గట్టు కోసుకుపోయి, ఎదుటి గట్టున ఇసుక మేట వేయడానికి కూడా ఇదే మూలం. అంటే తిరుగుడు ఎత్తును బట్టి మారితే చాలు, రెండవ ప్రవాహం ఒకటి దానంతటదే పుడుతుంది.

గువో లువో, థామస్ హౌ 2014లో ప్రకటించిన కంప్యూటర్ అధ్యయనంలో సరిగ్గా ఇలాంటి అమరికను తీసుకున్నారు. ఒక స్తూపాకార పాత్రలో ఆదర్శ ద్రవం. దాని పైసగం ఒక దిశలో, కిందిసగం ఎదురు దిశలో తిరుగుతుంది. నడిమి తలంలో తిరుగుడు సున్నా. టీ గ్లాసు అడుగు చేసే పనిని ఇక్కడ ఆ తలం చేస్తుంది. గోడ వెంట పైనుండి, కింది నుండి ద్రవం ఆ తలం వైపుకు తోసుకువచ్చి, కలిసి, లోపలికి మళ్లుతుంది. అలా తోసుకురావడంలో ఎదురు దిశల తిరుగుళ్లు ఒకదానికొకటి దగ్గరవుతాయి. వాటి మధ్య మార్పు తీవ్రమవుతుంది. మార్పు తీవ్రమైనకొద్దీ పీడన వ్యత్యాసం పెరిగి, తోపు ఇంకా బలపడుతుంది. తోపు బలపడితే దూరం ఇంకా తగ్గుతుంది. తనను తాను పెంచుకునే వలయం ఇక్కడ పూర్తవుతుంది.

వారి గణనలో భ్రమణత మొదటి విలువకు 30 కోట్ల రెట్ల దాకా పెరిగింది. వారు ఎన్నుకొన్న కాలమానంలో 0.0035056 అన్న క్షణం వద్ద అది అనంతమవుతుందని అంచనా వేశారు. అసాధారణత కనిపించిన చోటు ఇరుసు కాదు. పాత్ర గోడ మీద నడిమి తలం తాకే వలయం. సుడి నడుమనే ప్రమాదమన్న లోకానుభవానికి ఇది భిన్నం.

7. గణన నుండి నిరూపణకు

కంప్యూటర్ అనంతాన్ని చూడలేదు. 30 కోట్ల రెట్లు కూడా పరిమిత సంఖ్యే. ఆ తర్వాత పెరుగుదల నెమ్మదించవచ్చు; గణనలోని చిన్న దోషాలు పేరుకొని మోసం చేయవచ్చు. గతంలో అసాధారణతలుగా అనుమానించిన ప్రవాహాలు కొన్ని, మరింత సూక్ష్మంగా లెక్కించినప్పుడు నెమ్మదించాయి. కాబట్టి గణన సాక్ష్యమే తప్ప తీర్పు కాదు.

ఈ దిశలో వచ్చిన ఒక పెద్ద నిరూపణ తారెక్ ఎల్గిందిది. 2021లో ప్రచురితమైన ఆ పరిశోధన, హద్దులు లేని అంతరిక్షంలో, తిరుగుడు లేని అక్షసౌష్ఠవ ఆదర్శ ప్రవాహం కూడా పరిమిత కాలంలో చెడగలదని చూపింది. 1968 నాటి ఫలితానికి ఇది విరుద్ధం కాదు. ఎల్గింది తీసుకున్న ప్రవాహం మొదట్లోనే పూర్తి నునుపైనది కాదు. అందులో వేగపు మొదటి అవకలజం అవిచ్ఛిన్నంగా ఉన్నా, ఇరుసు దగ్గర అంతకు మించిన నునుపు లేదు.

పూర్తి నునుపైన ప్రవాహానికి సంబంధించిన అడుగును జియాజీ చెన్, థామస్ హౌ 2022లో వేశారు. లువో-హౌ అమరికలో, గోడ ఉన్న పాత్రలో, నునుపుగా మొదలైన ప్రవాహం పరిమిత కాలంలో చెడుతుందని వారు కంప్యూటర్ సాయంతో నిరూపణ ఇచ్చారు. దాని వెనుక ఉన్న భావన స్వయంసారూప్యత. చివరి క్షణానికి దగ్గరయ్యేకొద్దీ ఆ చోటిని అంతకంతకు పెద్దది చేసి చూస్తే, ఇంచుమించు ఒకే ఆకారం కనిపిస్తూ ఉంటుంది. పెద్దది చేసి చూసే ఆ దృష్టిలో పేలుడు కదలని బొమ్మగా మారుతుంది. ఆ బొమ్మను ముందు ఉజ్జాయింపుగా కంప్యూటర్‌తో కనుగొన్నారు. తర్వాత, దానికి అతి దగ్గరలో మొదలైన ప్రవాహం దానికి దగ్గరలోనే ఉండిపోతుందని గణితంతో చూపారు.

ఇక్కడ కంప్యూటర్ వాడుక మామూలు గణనకు భిన్నమైనది. ప్రతి సంఖ్యనూ ఒక విలువగా కాక, ‘ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదు’ అన్న రెండు హద్దుల మధ్య పట్టి ఉంచుతారు. ప్రతి మెట్టులోనూ దోషాన్ని కలుపుకొనే హద్దులు లెక్కిస్తారు. చివరికి తేలిన అసమానత ఆ హద్దులన్నింటికీ నిలిస్తే అది ఉజ్జాయింపు కాదు, నిరూపణ. 2023లో మరో పరిశోధక బృందం ఇలాంటి స్వయంసారూప్య ఆకారాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌ల ద్వారా కనుగొన్నది. అది నిరూపణ కాకపోయినా, వెతికే పద్ధతులు విస్తరిస్తున్నాయనడానికి నిదర్శనం.

8. స్నిగ్ధత ఉన్న లోకం

మానేరు నీటిలో అనంతం రాదు. దూరం తగ్గినకొద్దీ స్నిగ్ధత పొరలను పట్టి ఆపుతుంది. పీడనం మరీ పడిపోతే సుడిలోకి గాలి చొరబడుతుంది, లేదా నీరే ఆవిరి బుడగలవుతుంది. మరింత కిందికి పోతే అణువుల పరిమాణం అడ్డు వస్తుంది. అక్కడ ద్రవం అవిచ్ఛిన్నమన్న భావనే చెల్లదు. ఎత్తిపోతల పంపుల ముందర గాలిని లాక్కుపోయే సుళ్లు ఏర్పడకుండా ఇంజనీర్లు జాగ్రత్త పడేది ఈ అనంతానికి భయపడి కాదు. పంపుకు జరిగే నష్టానికి.

అలాగని ఆదర్శ ప్రవాహపు ప్రశ్న వ్యర్థం కాదు. స్నిగ్ధతను చేర్చిన నేవియర్-స్టోక్స్ సమీకరణాలకు కూడా ఇదే ప్రశ్న మూడు పరిమాణాలలో తేలలేదు. 2000లో క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన ఏడు సమస్యలలో ఇది ఒకటి. కాఫరెల్లి, కోన్, నైరెన్‌బర్గ్ 1982లో, స్నిగ్ధ ప్రవాహంలో అసాధారణ బిందువులు ఉన్నా అవి ఒక గీత పొడవునా పరచుకొని ఉండలేనంత అరుదని నిరూపించారు. అక్షసౌష్ఠవ ప్రవాహంలో ఇరుసుకు దూరంగా ఒక బిందువు చెడితే, సౌష్ఠవం వల్ల దాని వలయమంతా చెడాలి. వలయానికి పొడవు ఉంటుంది కనుక అది కుదరదు. అందువల్ల పాత్ర లోపలి స్నిగ్ధ ప్రవాహంలో ప్రమాదం ఇరుసు మీదనే మిగులుతుంది. సుడి నడుమను గురించిన పాత అనుమానం ఇక్కడ మళ్లీ బలపడుతుంది.

కల్లోల ప్రవాహంతో కూడా దీనికి సంబంధం ఉంది. స్నిగ్ధత ఎంత తగ్గినా కల్లోలంలో శక్తి హరించుకుపోయే రేటు తగ్గకపోవచ్చునని 1949లో ఆన్సాగర్ సూచించాడు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పరిశోధన పట్టా పొంది, అమెరికాలో పనిచేసిన కాటేపల్లి ఆర్. శ్రీనివాసన్ 1984లో గాలి సొరంగాలలోని జాలీల వెనుక కొలిచిన ఫలితాలను కూర్చి, ఆ సూచనకు అనుకూలమైన ఆధారం చూపాడు. స్నిగ్ధత దాదాపు లేనప్పుడు కూడా శక్తి పోతున్నదంటే, ప్రవాహం ఎక్కడో నునుపు కోల్పోతున్నదన్న మాట. అయితే అది కాలంతో పాటు నునుపు నుండి పుట్టిన అసాధారణతేనా అన్నది వేరే ప్రశ్న.

9. ముగింపు

పై చర్చ నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. ఆదర్శ ప్రవాహంలో అసాధారణత అంటే వేగం అనంతం కావడమే కానక్కరలేదు. భ్రమణత పరిమిత కాలంలో హద్దు దాటడం.

2. నునుపైన ద్విపరిమాణ ప్రవాహం, తిరుగుడు లేని నునుపైన అక్షసౌష్ఠవ ప్రవాహం చెడవు. తిరుగుడు చేరినప్పుడు ఎత్తును బట్టి దానిలో వచ్చే మార్పు రెండవ ప్రవాహాన్ని పుట్టిస్తుంది. ఆ రెండూ ఒకదానినొకటి పెంచుకోగలవు.

3. గోడ ఉన్న పాత్రలో ఈ వలయం అనంతం దాకా పోతుందని కంప్యూటర్ సాయంతో నిరూపణ వచ్చింది. గోడ లేని అంతరిక్షంలో, పూర్తి నునుపైన ఆదర్శ ప్రవాహానికి, అలాగే స్నిగ్ధ ప్రవాహానికి ప్రశ్న తెరిచే ఉంది.

4. ఈ భావనలను చెప్పడానికి కావలసిన స్నిగ్ధత, కోణీయ ద్రవ్యవేగం, అవకలజం, అసాధారణత వంటి పదాలు తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాల పరిభాషలోనే ఉన్నాయి. లోపించినది పదాలు కాదు, వాటిని నేటి పరిశోధన దాకా నడిపించే రచన. తూము ముందర సుడిని చూస్తూ పెరిగిన కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థికి ఈ ప్రశ్న అర్థం కావడానికి భాష అడ్డు కానక్కరలేదు. దానికి జవాబు వెతకడం మాత్రం ఏ భాషలోనైనా కష్టమే.